భాస్వరపు లెక్క

మా తండ్రిగారు ముప్పదియేండ్లు ఉన్నత పాఠశాలలో ప్రకృతిశాస్త్రమును గణితమును బోధించినవారు. ఉద్యోగము చాలించిన కొలది కాలమునకే మధుమేహముచేత ఆయన మూత్రపిండములు చెడి, వారమునకు మూడు మారులు డయాలిసిసు చేయించుకొనవలసి వచ్చెను. అన్నాచెల్లెండ్రమైన మేము ఆయన పథ్యపానముల భారమును వహించితిమి. ఆ భారమును వహించుటలో, ఆయనయందలి ప్రేమచేతనే, మేమొక పెద్ద పొరపాటు చేసితిమి. ఇట్టి రోగులు గల యిండ్లు మన చదువరులలోను కొన్ని యుండవచ్చును గనుక, ఆ పొరపాటును, దానిని దిద్దుకొనిన విధమును దాచక వ్రాయుచున్నాము.

వైద్యులు మొదట మాకు చెప్పిన మాట యిది: "రక్తములో భాస్వరము పెరిగినది, ఆహారములో తగ్గింపుడు." భాస్వరము విషము కాదు. పెరిగిన మనుష్యుని దేహములో అది సుమారు 700 గ్రాములుండును. అందు నూటికి 85 పాళ్లు ఎముకలలోను దంతములలోను గలవు. మనము తినిన దానిలో ఎక్కువైన భాస్వరమును ఆరోగ్యము గల మూత్రపిండములు ఎప్పటికప్పుడు వెలికి పంపివేయును. అవి చెడినప్పుడు అది రక్తములో నిలిచిపోవును. అంతట ఎముకలలోని కాల్షియము కరగి వచ్చును, ఎముకలు బలహీనపడును, రక్తనాళముల గోడలు సున్నము పట్టినట్లు గట్టిపడును. గుండెకు దీనివలన కలుగు కీడు కంటికి కనబడదు. కనబడునది దురద. మా తండ్రిగారు రాత్రులయందు నిద్ర లేక వీపు గోకికొనుచుండగా మేము ప్రక్కగదిలో వినుచుంటిమి.

అట్టి స్థితిలోను ఆయన తన పాఠము మానలేదు. ఒకనాడు మమ్ము పిలిచి, "భాస్వరమును మొదట ఎవరు కనుగొనిరో యెరుగుదురా?" అని యడిగిరి. 1669లో జర్మనీదేశపు హాంబర్గు నగరమున హెన్నిగ్ బ్రాండ్ అనువాడు బంగారము చేయవలెనని మూత్రమును కాచి కాచి, తుదకు చీకటిలో వెలుగు ఒక పదార్థమును పొందెను. దానికి వెలుగును తెచ్చునది అని అర్థమిచ్చు గ్రీకు పేరు పెట్టిరి. మన భాస్వరమను మాటయు ఆ వెలుగునే తెలుపును. "ఆయనకు మూత్రములో దొరకినది, నాకు మూత్రములో పోవుట లేదు," అని మా తండ్రిగారు నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు.

ఇక మా పొరపాటును చెప్పెదము. పప్పు, చేప, గ్రుడ్డు, పాలు వీనిలో భాస్వరము గలదని వినినంతనే మేము వానినన్నిటిని ఒక్కదినముననే మాన్పించితిమి. అన్నము, సొరకాయ, బీరకాయ యివియే ఆయన భోజనము. పప్పు లేని అన్నమును ఆయన ఏమియు అనక తినుచుండగా మాకు జాలి కలిగి, నోటికి రుచిగా నుండునని అంగడినుండి పెట్టెలలో వచ్చు కేకులను, చీజు ముక్కలను తెచ్చి యిచ్చుచు, డయాలిసిసు దినమున నల్లని శీతలపానీయమును చిన్న గ్లాసెడు పోయుచుంటిమి. వైద్యులు వ్రాసి యిచ్చిన సెవెలమర్ అను మాత్రలను, తక్కిన మందులతో కలిపి, పండుకొనబోవు వేళ మరువక వేయుచుంటిమి. మా శ్రద్ధకు మేమే మెచ్చుకొంటిమి.

రెండు నెలలు గడచెను. ఆయన బరువు నాలుగు కిలోగ్రాములు తగ్గెను. మెట్లెక్కునప్పుడు చేయి పట్టుకొనవలసి వచ్చెను. రక్తపరీక్షలో భాస్వరము మాత్రము తగ్గలేదు, 7.1 ఉండినది 7.4 ఆయెను. ఆరోగ్యవంతులకు అది 2.5 మొదలు 4.5 వరకు ఉండవలెను. ఆ రాత్రి మేము ఒకరినొకరు నిందించుకొంటిమి. నీవు దొంగచాటుగా పప్పు పెట్టితివని ఒకరు, నీవు మాత్రలు మరచితివని యొకరు. మా తల్లిగారు తలుపుచాటున నిలిచి కన్నీరు పెట్టుకొనుట చూచి ఊరకుంటిమి.

మరునాడు ఆసుపత్రిలో పథ్యమును గూర్చి చెప్పు సోదరి యొకతె మా తండ్రిగారి ప్రక్కను కూర్చుండి, "మాస్టారూ, ఈ మాత్ర యెప్పుడు వేసికొనుచున్నారు?" అని యడిగెను. "రాత్రి పండుకొనునప్పు డమ్మా," అని ఆయన చెప్పిరి. ఆమె నిమ్మళముగా ఇట్లనెను: "ఈ మాత్ర రక్తములోనికి పోదండీ. కడుపులో అన్నముతో కూడియున్న భాస్వరమును పట్టుకొని మలముతో వెలికి తీసికొనిపోవును. అన్నము లేని వేళ అది దేనిని పట్టుకొనును?" రెండు నెలల మా శ్రద్ధ అంతయు వ్యర్థమైనదని అప్పుడు తెలిసికొంటిమి.

ఆమె చెప్పిన రెండవ మాట మమ్ము మరింత సిగ్గుపరచెను. భాస్వరమంతయు ఒక్క తీరున దేహములో చేరదట. పప్పులలోను ధాన్యములలోను ఉండునది ఫైటేటు రూపమున నుండుటచేత సగమో, అంతకు తక్కువయో మాత్రమే రక్తములో చేరును. మాంసము, చేప, పాలు వీనిలోనిది సగమునకు కొంచెము అటునిటుగా చేరును. నిలువ యుండుటకును మెత్తగా నుండుటకును కర్మాగారములలో కలుపు ఫాస్ఫేటు లవణములు దాదాపు పూర్తిగా చేరిపోవును. అనగా మేము నిందించిన పప్పుకంటె, మేము జాలితో తెచ్చిన పెట్టెలే ఆయనకు కీడు చేసినవి. పైగా డయాలిసిసు చేయించుకొను వారికి మాంసకృత్తులు తగ్గరాదు. అవి తగ్గుటచేతనే ఆయన కండ కరగినది.

ఇంటికి వచ్చి మా తండ్రిగారు పాత లెక్కలపుస్తకము తెరచి, మమ్ము విద్యార్థులవలె ఎదుట కూర్చుండబెట్టి లెక్క వేసిరి. దినమునకు 1000 మిల్లీగ్రాముల చొప్పున వారమునకు 7000. అందు రక్తములో చేరునది సుమారు 4200. ఒక్కొక్క డయాలిసిసులో పోవునది సుమారు 800, మూడింటికి 2400. మిగిలిన 1800 ఎచ్చటికి పోవలెను? "ఈ శేషమును కొట్టివేయుటకే పథ్యమును మాత్రయు," అని గీత గీసిరి. లెక్క తెలిసిన తరువాత మాకు భయము తగ్గి, పని కనబడెను.

అప్పటినుండి వంటయింటి పద్ధతి మారెను. కందిపప్పు మరల వచ్చెను; అయితే కొలిచిన పిడికెడు మాత్రమే, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీరు వార్చివేసి వండుదుము. గ్రుడ్డులోని భాస్వరము దాదాపు అంతయు పచ్చసొనలో నున్నది గనుక తెల్లసొన ఆయనకును, పచ్చసొన మాకును. ముల్లుతో కూడ నమలు ఎండుచేపలు మానిరి. తాజా చేప ముక్క యొకటి వారమునకు రెండుమారులు తిందురు. పాలు 100 మిల్లీలీటర్లకు సుమారు 90 మిల్లీగ్రాములు గనుక కాఫీకి గిన్నెతో కొలిచి పోయుదుము. 100 గ్రాముల నువ్వులలో 500 మిల్లీగ్రాములకు మించి యుండుటచేత నువ్వులపొడి సీసా పై అరకు ఎక్కెను. మాత్ర మాత్రము మొదటి ముద్దతోనే. విస్తరి ప్రక్కను మంచినీళ్ల గ్లాసువలె అదియు ఉండును.

అంగడి వస్తువుల పెట్టెలను మా తండ్రిగారు భూతద్దముతో చదువుట ప్రారంభించిరి. భాస్వరమెంతయున్నదో వానిపై సాధారణముగా ముద్రింపరు, సంకేతసంఖ్యలు మాత్రముండును. 338 అనగా ఫాస్ఫోరికు ఆమ్లము, నల్లని శీతలపానీయములలో ఉండునది. 339, 340, 341 అనునవియు, 450, 451, 452 అనునవియు ఫాస్ఫేటులే. వీధిలోని పిల్లలు సాయంకాలము తమ బిస్కత్తు పొట్లములను తెచ్చి ఆయనచేత చదివించుకొనుట వాడుకయైనది. ఆయనకు మరల ఒక తరగతి దొరకెను.

ఆరు నెలలకు సంఖ్య 5.2కు దిగెను. దురద తగ్గి రాత్రులు నిద్రపట్టెను. పోయిన బరువులో మూడు కిలోగ్రాములు తిరిగి వచ్చెను. క్రిస్మసు పండుగకు మా తల్లిగారు అరిసెలు వండుచు, అన్నిటికిని నువ్వులద్ది, ఒక్కదానిని మాత్రము అద్దక విడిగా నుంచిరి. ఆయన ఆ యొక్కదానిని మాత్రతో కూడ ఎంతో ఇష్టముగా తినిరి. ఆ పూట మా యింట పండుగ సంపూర్ణమాయెను.

మేము వ్రాసినది ఒక్కరి పథ్యము. వ్యాధి యే దశలో నున్నదో, పొటాషియము ఎట్లున్నదో దానినిబట్టి ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరుండును గనుక ఎవరి వైద్యుని వారు అడుగవలెను. అయినను రెండు సంగతులు అందరికిని చెల్లును. ప్రేమ యొక్కటియే చాలదు, దానికి తెలివి తోడు కావలెను. రెండవది, తెలియనప్పుడు నిందించుటకంటె అడుగుట మేలు.

ప్రభువు మనకు నేర్పిన ప్రార్థనలో ఆహారమును ఏ దినమునకు ఆ దినమే అడుగుట కలదు. మా తండ్రిగారు ప్రతిరాత్రియు ఆ ప్రార్థన ముగించి, లెక్కలపుస్తకములో ఆనాటి మొత్తము వ్రాసి, దీపమార్పుదురు. రేపటి పుట తెల్లగా నుండును.