సముద్రం నడుమ ఒక ఆటస్థలం

అండమాన్ అనగానే మనకు మొదట స్ఫురించేది సెల్యులార్ జైలు. ఆ తరువాత నీలి సముద్రం, పగడపు దిబ్బలు, కొబ్బరి తోటలు. విశాఖ రేవు నుండి ఓడనెక్కి అక్కడికి వెళ్ళి స్థిరపడిన శ్రీకాకుళం, విశాఖ జిల్లాల కుటుంబాలు ఎన్నో ఉన్నందున ఆ దీవులు మన తెలుగువారికి పరాయివి కావు. అయితే ఆ దీవులకు ఆటల చరిత్ర కూడా ఒకటి ఉన్నదని, అది తెలుసుకొనదగినదని చాలామందికి తెలియదు.

1858లో ఆంగ్లేయులు అక్కడ ఖైదీల స్థావరాన్ని నెలకొల్పి, రాస్ దీవిని తమ పాలనా కేంద్రం చేసుకున్నారు. చర్చి, రొట్టెల బట్టీ, క్లబ్బు, టెన్నిస్ కోర్టు, అన్నీ ఆ చిన్న దీవిలోనే అమర్చుకున్నారు. నేడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపంగా పేరు మారిన ఆ దీవిలో శిథిలమైన గోడలను మర్రి ఊడలు పెనవేసుకొని ఉన్నాయి. దొరల వినోదం దొరలతోనే ముగిసింది.

ఆ కాలపు రాజధాని కలకత్తాలోనూ ఇట్టి కథే నడిచింది. 1872 క్రిస్మస్ నాడు అక్కడి ఆంగ్లేయులు రగ్బీ ఆడారు. మరుసటి ఏడు కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బును స్థాపించారు. కొన్నేళ్ళకే సభ్యులు తగ్గిపోగా, 1878లో మిగిలిన నిధిని వెండి రూపాయలుగా తీసుకొని, 270 రూపాయలు కరిగించి ఒక కప్పు చేయించారు. దాని పిడులు నాగుపాములు, మూతపై ఏనుగు. ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు నేటికీ ఆ కలకత్తా కప్పు కోసమే పోటీపడుతున్నాయి. కప్పు సముద్రాలు దాటింది గాని, ఆ క్లబ్బు ఆట ఈ నేలపై వేరు పట్టలేదు.

ఇందుకు భిన్నమైన కథ కార్ నికోబార్‌ది. పూర్వపు పోర్ట్ బ్లెయిర్, 2024 నుండి శ్రీ విజయపురం, అక్కడికి దక్షిణంగా సుమారు 270 కిలోమీటర్ల దూరాన, పదవ డిగ్రీ జలసంధికి ఆవల ఈ ద్వీపం ఉన్నది. వైశాల్యం సుమారు 127 చదరపు కిలోమీటర్లు. నేల దాదాపు చదును. ఆదిమ జాతుల రక్షణ కోసం 1956లో చేసిన నిబంధనల వలన యాత్రికులు ఇచ్చవచ్చినట్లు అక్కడికి వెళ్ళజాలరు. అక్కడి నికోబారీయులు 'తుహెత్' అనే ఉమ్మడి కుటుంబాలుగా జీవిస్తారు. భూమి, కొబ్బరి చెట్లు తుహెత్‌కు చెందుతాయి. కుస్తీ, పడవ పందాలు వారికి తాతల నాటి నుండి వస్తున్న వేడుకలు.

ఈ ద్వీపానికి ఫుట్‌బాల్‌ను పరిచయం చేసిన ఘనత జాన్ రిచర్డ్‌సన్ గారికి దక్కింది. 1884లో ముస్ గ్రామంలో జన్మించిన ఈయన బర్మాలోని మాండలేలో చదివి, 1912లో స్వగ్రామానికి ఉపాధ్యాయుడై తిరిగివచ్చారు. తరువాత బిషప్ అయ్యారు. నికోబారీ భాషలోకి బైబిలును అనువదించారు. 1952లో తొలి లోక్‌సభకు అండమాన్ నికోబార్ నుండి నామినేట్ అయ్యారు. జపాను ఆక్రమణ కాలంలో కొడుకును పోగొట్టుకొని, తాను మరణశిక్ష అంచు నుండి బయటపడ్డారు. అట్టి మనిషి పిల్లలకు అక్షరంతోపాటు బంతినీ అందించారు. ఆ ఆట ఏ దొరల క్లబ్బు గోడల మధ్యనో ఉండిపోలేదు. మన పల్లెలలో చెడుగుడు వలె ఊరి ఆట అయింది, ఊరికొక జట్టు ఏర్పడింది. తుహెత్‌లో అన్నదమ్ములు కలిసి పనిచేసినట్లే మైదానంలోనూ కలిసి ఆడారు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. తీరం వెంబడి ఉన్న ఊళ్ళు, వాటితోపాటు జనం కూడే ఆరుబయళ్ళు నీటిపాలయ్యాయి. 2001లో 20 వేలకు పైబడిన ద్వీప జనాభా 2011 నాటికి 18 వేలకు లోపుగా దిగింది. మిగిలినవారు ద్వీపం లోపలి భాగంలో కొత్త ఊళ్ళు కట్టుకున్నారు.

ఆ అలల నుండి బయటపడిన చిన్నారులే తరువాత దేశానికి క్రీడాకారులైనారు. అప్పుడు తొమ్మిదేళ్ళ బాలికగా ఉన్న డెబోరా హెరాల్డ్ సైక్లింగ్‌లో అంతర్జాతీయ ఖ్యాతి గడించింది. 2022 కామన్‌వెల్త్ క్రీడలలో భారత సైక్లింగ్ జట్టులో మరొక కార్ నికోబార్ యువకుడు ఉన్నాడు. అతని పేరు డేవిడ్ బెక్‌హామ్! సునామీ నాటికి ఏడాది నిండిన పసివాడు. ఫుట్‌బాల్‌పై ఆ ద్వీపానికి గల మమకారానికి ఇంటివారు పెట్టిన ఆ పేరే సాక్ష్యం.

ఒక ఆట నిలవడానికి వెండి కప్పులు, మేడలు చాలవు. అది తమదని నమ్మే ఊరు కావాలి. మన టౌన్‌షిప్పులలోని రిక్రియేషన్ క్లబ్బులకు, సాయంత్రమైతే బోసిపోతున్న మైదానాలకు ఇది వర్తించే మాట. మైదానాన్ని సంస్థ ఇవ్వగలదు. దానికి ప్రాణం పోయవలసింది మాత్రం మన ఇళ్ళలోని పిల్లలు, వారిని అక్కడికి వెంటబెట్టుకొని వెళ్ళే పెద్దలు.