బేరింగు బండికి ఒక చట్రం

ఆంగ్ల బాలసాహిత్యాన్ని అనువదించేవారికి ‘సోప్‌బాక్స్’ బండి ఎదురైనప్పుడు కలం కాసేపు ఆగిపోతుంది. సబ్బులు రవాణా చేసిన కొయ్యపెట్టెకు చక్రాలు తగిలించి, వాలుబాటలో జారవిడిచి పిల్లలు ఆడుకొనే బండి అది. ఇంజను ఉండదు, భూమ్యాకర్షణే దానికి ఇంధనం. ‘సబ్బుపెట్టె బండి’ అని రాస్తే పాఠకుడు నవ్విపోతాడు. నిఘంటువులు చేతులెత్తేసిన చోట మా వీధి పిల్లలు నన్ను ఆదుకున్నారు. లారీల మరమ్మతులో పారవేసిన బాల్‌బేరింగులను కొయ్య ఇరుసుకు దిగగొట్టి, పైన ఒక పలక బిగించి, దానిని వారు ‘బేరింగు బండి’ అంటారు. ఆ పేరునే స్వీకరించాను.

అంతటితో నా పని ముగియవలసింది. కాని పదకొండేళ్ల మా అమ్మాయి ఆ అధ్యాయం చదివి, తనకూ అటువంటి బండి కావాలన్నది. మేముండే విశాఖపట్నంలో వాలు వీధులకు కొదవ లేదు. భయానికీ కొదవ లేదు. కిందటి వేసవిలో మా వీధిలోనే ఒక బండి ముందు పలక నిలువునా చీలి, దానిమీది కుర్రవాడి ముంజేయి విరిగింది. వద్దనడం సులభమే. అయితే పెద్దలు వద్దన్న బండిని పిల్లలు గోడ చాటున కట్టుకుంటారు. నాలుగు మేకులతో, ఎక్కడలేని తొందరతో. అందుచేత మా ఇంటి తలుపులు చేసిన వడ్రంగి మేస్త్రిగారిని పిలిపించాను.

ఈ ఆటలో ప్రమాదం కొత్తది కాదు. 1933లో అమెరికాలోని డేటన్ నగరంలో మైరన్ స్కాట్ అనే పత్రికా ఛాయాగ్రాహకుడు పిల్లల బండ్ల పందెం చూసి ముచ్చటపడ్డాడు. ఆ ముచ్చటే మరుసటి ఏటికి జాతీయ పోటీ అయింది. 1935లో పోటీ ఆక్రన్ నగరానికి మారింది. ఆ ఏడే ఒక బండి అదుపు తప్పి రేడియో వ్యాఖ్యాత గ్రాహం మెక్‌నామీని ఢీకొని గాయపరచింది. 1936లో ప్రత్యేకంగా ఒక వాలుబాట నిర్మించారు. బాలికలకు 1971 దాకా ప్రవేశమే లేదు. 1975లో కారెన్ స్టెడ్ అనే బాలిక విజేతగా నిలిచింది. ఈ చివరి సంగతి మా అమ్మాయికి కంఠస్థం.

మేస్త్రిగారు కొత్త కర్ర కొననివ్వలేదు. కూల్చిన ఇంటి ద్వారబంధపు టేకు తెప్పించి, పాత మేకులు ఏరించి, చిత్రిక పట్టారు. ఏళ్ల తరబడి ఆరిన కర్ర ఇక వంకర తిరగదట. నార నిడివిగా, తిన్నగా సాగిన ముక్కలనే ఎంచి, ముడులున్న వాటిని పక్కకు నెట్టారు. నాలుగడుగుల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం గల రెండు పట్టెలు సిద్ధమయ్యాయి. వాటిని ఆయన పడుకోబెట్టలేదు, నిలబెట్టారు. కారణమడిగితే అమ్మాయి స్కేలు అందుకుని, బల్లగా పట్టుకుని వంచారు, వంగింది. అంచు మీద నిలిపి వంచబోయారు, వంగలేదు. బరువు మోసే దిశలో కర్ర లోతు రెట్టింపయితే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మందం రెట్టింపు చేస్తే రెండు రెట్లే. లెక్కల పుస్తకం తెరవకుండానే ఆ సూత్రం మా అమ్మాయికి అర్థమైంది.

రెండు పట్టెలకూ మూడు అడ్డపట్టెలు కలిపితే దీర్ఘచతురస్రం వస్తుంది. అయితే అది పాత నులకమంచంలా ఒక పక్కకు ఒరిగిపోగలదు. అందుకని అడుగున ప్లైవుడ్డు పలకను జిగురుతోనూ మరలతోనూ అతికించారు. దానితో మూలలు కదలడం మానేశాయి.

“మేకు నారను చీలుస్తుందండీ, అమ్మగారూ. కుదుపులకు తనంతట తానే పైకి లేస్తుంది,” అన్నారు మేస్త్రిగారు. ముఖ్యమైన ప్రతి అతుకుకూ కర్ర చివరకు బాగా ఎడంగా రంధ్రం చేసి, బోల్టు వేసి, రెండు వైపులా వెడల్పాటి వాషర్లు పెట్టారు.

అసలు మెలకువంతా ముందు ఇరుసులో ఉంది. బండిని తిప్పే ఆ పలక ఒకే బోల్టు మీద తిరుగుతుంది; రంధ్రం పడిన చోటే దాని బలహీనత. కుర్రవాడి బండి చీలింది సరిగ్గా అక్కడే. అందుకే అక్కడ మరొక పలకను కిందనుంచి జోడించారు. ఇరుసు మరీ తిరిగితే చక్రాల ఆనిక ఇరుకై బండి బోల్తాపడుతుంది కనుక, చట్రానికి రెండు అడ్డుకొయ్యలు బిగించి ఆ తిరుగుడుకు హద్దు పెట్టారు. ఆసనం వీలైనంత కిందికి దించారు. వెనుక చక్రాలను ఒరుసుకొనేలా టైరు ముక్క తొడిగిన బ్రేకుకర్రను చివరగా అమర్చారు.

బేరింగులు మాత్రం వాడలేదు. రోడ్డు పగులులో చిన్న చక్రం చిక్కితే బండి ఆగుతుంది, పిల్ల ఆగదు. గాలి నింపిన చక్రాలూ ఉక్కు కడ్డీ ఇరుసులూ కొన్నాం. బండి పేరు మాత్రం మారలేదు. ఇంజను పెట్టకూడదా అని పొరుగువారొకరు అడిగారు. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ తయారుచేసిన గో-కార్టుది వేరే జాతి. దానికి ఉక్కు గొట్టాల చట్రం ఉంటుంది. ఇటువంటి కొయ్య చట్రానికి ఇంజను తగిలించే ఊహ పాఠకులలో ఎవరికైనా ఉంటే, దయచేసి మానుకోండి.

పాతిక కిలోల బియ్యపు బస్తాలు రెండు పెట్టి, బండిని మెట్టు మీదనుంచి దించి చూశాం. తరువాత మేస్త్రిగారే ఎక్కి నిలబడి అటూ ఇటూ ఊగారు. చట్రం కిర్రుమనలేదు. ఆదివారం ఉదయం వీధికి రెండు చివరలా పెద్దలను నిలబెట్టి, అమ్మాయికి హెల్మెట్ తొడిగి, వాలు సగంనుంచే వదిలాం. అయిదుసార్లు దిగింది. ఆరోసారికి ముందు ఎవరూ చెప్పకుండానే పానా తీసుకుని బండి కింద దూరింది. ఒక నట్టు పావుచుట్టు వదులైందట. బిగించి, దాని మీద రెండో నట్టు ఎక్కించి, చేతులు గౌనుకే తుడుచుకుంది.