కలుపు అని ఎవరన్నారు?

1980లలో మెతుకుసీమ మెట్టపొలాల మధ్య పెరిగిన మాకు తొలకరి పడితే కూరకు కొదవ ఉండేది కాదు. జొన్నచేలో కలుపు తీయబోయిన నాయనమ్మ సాయంత్రానికి ఒడినిండా ఆకు తెచ్చేది. గంగవాయిలి పప్పులోకి, దొగ్గలి వేపుడుకు. వినాయక చవితికి తుమ్మికూర తప్పనిసరి. ఏ ఆకూ దొరకని నాడు జాడీలోని చింతకాయ తొక్కు, ఇంటి కోళ్లు పెట్టిన గుడ్ల పులుసు.

ఆ ఆకును ఎవరూ విత్తలేదు, ఎవరూ అమ్మలేదు. కనుకనే అది మద్దతు ధరల జాబితాకూ దిగుబడి లెక్కలకూ ఎక్కలేదు. లెక్కలో లేనిది నశిస్తే ఆ నష్టమూ లెక్కకు రాదు. గ్లైఫోసేట్ వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వులిచ్చింది. అయినా, ఆ మందును తట్టుకొనే అనుమతి లేని పత్తి చాటుగా సాగవుతూనే ఉంది. కూలి భారం మోయలేని రైతును నిందించి ప్రయోజనం లేదు.

కాని కలుపు తీసే స్త్రీ ఒకే దెబ్బకు రెండు పోగొట్టుకుంది: పగటి కూలి, రాత్రి కూర. రక్తహీనతను తగ్గిస్తామంటూ 2018లో పోషణ్ అభియాన్ ఆరంభించిన ఢిల్లీ, ఆమె ఖాళీ ఒడిని ఏ పద్దులో రాసుకుంటుంది?