పుస్తకంలోంచి దిగిన ముగ్గురు.. ఒకే రైలు లైన్‌లో!

గోకు గెలుస్తాడా, సూపర్‌మ్యాన్ గెలుస్తాడా? ఇంజినీరింగ్ హాస్టల్లో అర్ధరాత్రి ఈ పంచాయితీ పెట్టని బ్యాచ్ ఉండదేమో! ఎవరి పవర్ ఎంత, ఎవరిది ఏ ర్యాంకు అంటూ లిస్టుల మీద లిస్టులు. ఒక ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. వీళ్లు కథ దాటి మన లోకంలోకి వస్తే పవర్ ఎంత మిగులుతుంది?

దీనికి జవాబు ఊహించక్కర్లేదు. లండన్‌లో రైలెక్కి చూసి రావచ్చు. ప్రాజెక్టు పని మీద ఇక్కడ ఉంటున్న నేను ఓ ఆదివారం అదే పని చేశాను. 1863 జనవరిలో ప్యాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా మొదలైన దారి ఇది. ప్రపంచంలో మొట్టమొదటి భూగర్భ రైలు మార్గం. దాని మీదే ముగ్గురు కల్పిత పాత్రలు కాపురం పెట్టేశారు.

రూల్ ఒక్కటే. కథలో ఉన్న శక్తి లెక్కలోకి రాదు. బయట ఏం మార్చారన్నదే లెక్క. మా ఫీల్డ్‌లో యూజర్లకి పర్మిషన్లు ఇస్తాం కదా.. చూడటానికి రీడ్, మార్చడానికి రైట్, అన్నిటికీ పైన అడ్మిన్. ఆ కొలతే పట్టుకెళ్లా.

కింగ్స్ క్రాస్: రీడ్

హ్యారీ పోటర్‌ది తొమ్మిదీ ముప్పావు ప్లాట్‌ఫామ్. ఇటుక గోడలోకి సగం దూరిపోయిన లగేజీ ట్రాలీ. దాని ముందు పెద్ద క్యూ. వంతు రాగానే మెడలో మఫ్లర్ వేస్తారు, అది గాల్లో ఎగిరినట్టు ఒకరు పట్టుకుంటారు, ఫొటో క్లిక్. పక్కనే షాపు.

తమాషా ఏంటంటే, కథలో చెప్పినట్టు తొమ్మిదికీ పదికీ మధ్య అసలు గోడ లేదు. రాసేటప్పుడు యూస్టన్ స్టేషన్‌ని మనసులో పెట్టుకుని పొరబడ్డానని రౌలింగే చెప్పారు. అందుకే ట్రాలీని వేరే చోట, జనం తిరిగే హాల్లో పెట్టారు. మంత్రదండం ఉన్న కుర్రాడికి ఇక్కడ దక్కింది గోడలో కాస్త చోటు, బోలెడు ఫొటోలు. చూసొస్తాం, అంతే. అందుకే రీడ్.

బేకర్ స్ట్రీట్: అడ్మిన్

అక్కడి నుంచి మూడో స్టాపే బేకర్ స్ట్రీట్. స్టేషన్ టైల్స్ మీద కూడా పైపు నోట్లో పెట్టుకున్న షెర్లాక్ హోమ్స్ నీడే. బయట ఆయన విగ్రహం.

1887లో తొలి నవల వచ్చేనాటికి బేకర్ స్ట్రీట్‌లో 221 అనే నంబరే లేదు. 1930ల్లో వీధి నంబర్లు మారి, ఆ నంబరు ఒక గృహరుణ సంస్థ ఆఫీసుకి వచ్చింది. అంతే, హోమ్స్ పేరుతో ఉత్తరాలు మొదలయ్యాయి. వాటికి జవాబులు రాయడానికి ఆ సంస్థ ఏకంగా ఒక సెక్రటరీని పెట్టుకుంది! 1990లో హోమ్స్ మ్యూజియం తెరిచారు. ఆ భవనం ఉన్నది వరసలో 237కీ 241కీ మధ్య. అయినా తలుపు మీద మాత్రం 221బి. నంబర్ల వరసే ఆయన కోసం వంగింది. ఇది రైట్ పర్మిషన్.

మనకిది కొత్తేం కాదు. ‘మాయాబజార్’ (1957) రాక్షసుల ‘అసమదీయులు, తసమదీయులు’ మన మాటల్లోకి వచ్చి స్థిరపడిపోలేదూ!

హోమ్స్ ఇంకో మెట్టు ఎక్కాడు. 1893లో కానన్ డాయిల్ ఆయన్ని స్విట్జర్లాండ్ జలపాతం దగ్గర చంపేశాడు. పాఠకులు మండిపడ్డారు, పత్రిక చందాలు మానేశారు. పదేళ్లకి, 1903లో, డాయిల్ ఆయన్ని బతికించక తప్పలేదు. సృష్టించినవాడి మాటనే కొట్టేసే పవర్.. అడ్మిన్ అంటే అదే.

ప్యాడింగ్టన్: ఏ పర్మిషనూ లేదు

ఇంకో రెండు స్టాపులు. ఒకటో ప్లాట్‌ఫామ్ మీద గడియారం కింద ఓ చిన్న ఎలుగుబంటి విగ్రహం. పేరు కూడా ప్యాడింగ్టనే. 1958 నాటి కథలో పెరూ నుంచి ఓడలో దొంగచాటుగా వచ్చి, ఈ స్టేషన్‌లో దిక్కులేక కూర్చుంటుంది. మంత్రం లేదు, తెలివితేటలు అంతంతమాత్రం. ఉన్నదల్లా టోపీ, సూట్‌కేసు, తనని కాస్త చూసుకోమని అడిగే మెడలోని చీటీ.

ఇక బయట ఏం చేసిందో చూడండి. 2022లో ఎలిజబెత్ రాణి చనిపోయినప్పుడు జనం పువ్వులతో పాటు ఈ ఎలుగు బొమ్మలూ తెచ్చి పెట్టారు. ఆ బొమ్మలన్నీ, వెయ్యికి పైనే, తర్వాత పిల్లల సంక్షేమ సంస్థ బర్నార్డోస్‌కి చేరాయి. సినిమా షూటింగ్ కోసం అడిగితే బ్రిటన్ హోం శాఖ దీని పేరుతో నమూనా పాస్‌పోర్టే ఇచ్చింది! వీసా గడువు తేదీ నెలకోసారి చూసుకునే నాలాంటోడికి అక్కడ నవ్వు ఆగదు. కాసేపాగితే నవ్వు రాదు కూడా. కాగితం లేకుండా దిగిన ఎలుగుకి ఊరంతా తలుపు తీసింది. కాగితం లేకుండా దిగే మనిషికో?

నా టేబుల్‌లో దీనికి గడి లేదు. ఇది ఏదీ మార్చదు, ఎవర్నీ శాసించదు. యాక్సెస్ కావాలని రిక్వెస్ట్ పెడుతుంది. ఎదుటివాళ్లే ఒప్పుకుంటారు.

ఆ పవర్ ఎక్కడిదో రచయిత మైకేల్ బాండ్ చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల భయంతో ఊళ్లకి పంపేసిన పిల్లల్ని ఆయన రైల్వే స్టేషన్‌లో చూశారు. చేతిలో చిన్న పెట్టె, మెడలో పేరు రాసిన చీటీ. ఆ చీటీయే ఎలుగు మెడలోకి వచ్చింది.

అందుకే నేను వెనక్కి తిరిగి, కింగ్స్ క్రాస్ దాటి లివర్‌పూల్ స్ట్రీట్ దాకా వెళ్లాను. స్టేషన్ బయట పెట్టెలతో నిలబడ్డ పిల్లల కంచు విగ్రహాలున్నాయి. వీళ్లు కథలోవాళ్లు కాదు. 1938, 39ల్లో నాజీల నుంచి తప్పించుకుని బ్రిటన్ చేరిన సుమారు పదివేల మంది పిల్లలకు గుర్తు. చాలామంది మళ్లీ అమ్మానాన్నల్ని చూడలేదు. విగ్రహాలు చేసిన ఫ్రాంక్ మైస్లర్ కూడా అలా వచ్చిన పిల్లాడే.

లండన్ వస్తే నాలుగూ చూడండి. మ్యూజియానికి తప్ప దేనికీ టికెట్ లేదు. కింగ్స్ క్రాస్‌కి పొద్దున్నే వెళ్తే క్యూ తక్కువ. లివర్‌పూల్ స్ట్రీట్ దగ్గర ఆ బెడద లేదు. నేనున్నంతసేపూ ఫొటో కోసం ఆగింది ఇద్దరే.