ఖనిలో దోస్తు ఉంటే...

సెలవులొస్తే ఊటీ ఉంది, అరకు ఉంది. బొగ్గుగనుల ఊరికి సరదాగా ఎవరైనా వెళ్తారా? అక్కడో దోస్తు ఉంటే తప్పకుండా వెళ్తారు. రెండ్రోజులనుకుని వెళ్లినవాళ్లు నాలుగు రోజులుండి వస్తారు. ఏం చూశారని అడిగితే చటుక్కున చెప్పలేరు కానీ, మళ్లీ ఎప్పుడు వెళ్దామా అని మాత్రం అనుకుంటారు. గోదావరిఖని అలాంటి ఊరు!

హైదరాబాద్ నుంచి సుమారు 225 కిలోమీటర్లు. రాజీవ్ రహదారి మీద కరీంనగర్, పెద్దపల్లి దాటి ముందుకెళ్తే మొదట ఎన్టీపీసీ పొగగొట్టాలు పలకరిస్తాయి. రైల్లో వచ్చేవాళ్లు కాజీపేట - బల్లార్షా మార్గంలో రామగుండం స్టేషన్లో దిగాలి. అసలు తమాషా అంతా దిగాకే మొదలవుతుంది. ఎక్కడికెళ్లాలని ఆటోవాలా అడిగితే కొత్తవాళ్లు స్నేహితుడు చెప్పిన చిరునామా చదువుతారు... ఫైవింక్లయిన్, యైటింక్లయిన్ కాలనీ, పవర్‌హౌస్ కాలనీ! ఇక్కడ వీధులకు దేవుళ్ల పేర్లూ నాయకుల పేర్లే కాదు, గనుల నంబర్లు కూడా ఉంటాయి. ఏటవాలుగా భూమిలోకి దిగే బొగ్గుబాయిని ఇంక్లైన్ అంటారు. ఎనిమిదో నంబరు ఇంక్లైన్ పక్కన కట్టిన ఇళ్లే యైటింక్లయిన్ కాలనీ. గనికి పెట్టిన నంబరే ఊరి పేరైపోయింది.

అందరూ వచ్చినవాళ్లే!

ఖని అంటేనే గని. 1871లో ఇల్లెందు దగ్గర డాక్టర్ విలియం కింగ్ బొగ్గు నిక్షేపాల్ని గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. అక్కణ్నుంచి సింగరేణి గనులు గోదావరి లోయ వెంట ఒక్కో చోటికీ విస్తరిస్తూ, 1960 ప్రాంతానికి ఈ ఒడ్డుకు చేరాయి. అంతకుముందు ఇక్కడున్నవి అడవీ, చిన్న చిన్న పల్లెలే. బొగ్గు పని ఉందని తెలిసి కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి వచ్చినవాళ్లు కొందరు. పాత గనుల నుంచి బదిలీ అయి వచ్చినవాళ్లు కొందరు. ఉత్తరాది నుంచి మూటాముల్లె సర్దుకుని దిగినవాళ్లు ఇంకొందరు. ఏ ఇంట్లో అడిగినా ‘మా తాత ఫలానా ఊరి నుంచి వచ్చిండు’ అనే చెబుతారు. తాతలంతా ఒకప్పుడు ఎవరో తెలిసినవాళ్ల ఇంట్లో నాలుగు రోజులు తలదాచుకున్నవాళ్లే కదా... అందుకేనేమో, ఇంటికొచ్చినవాణ్ని ఎలా చూసుకోవాలో ఈ ఊరికి ఎవరూ నేర్పనక్కర్లేదు. గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టగానే ‘అన్నం తిన్నవా?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. తిన్నానన్నా వినరు!

గడియారం కాదు... షిఫ్టు!

ఖనిలో అతిథి ముందుగా నేర్చుకోవాల్సింది టైము చూడటం. ఇక్కడ రోజుకు మూడు భాగాలు... ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు. ఒక్కోటీ ఎనిమిది గంటలు. మనవాడిది ఫస్ట్ షిఫ్టయితే అతిథి దుప్పటి తీసేసరికే టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లిపోయి ఉంటాడు. నైట్ షిఫ్టయితే తెల్లారి వచ్చి, స్నానం చేసి, స్నేహితుడితో ఓ కప్పు చాయ్ తాగి నిద్రపోతాడు. అప్పటిదాకా అతిథి బాధ్యత వదినెది, పిల్లలది. పక్కింటి కాకాది కూడా!

పట్నం నుంచి వచ్చినవాళ్లను ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. పగటిపూట కొన్ని ఇళ్ల కిటికీలకు దుప్పట్లు కట్టి ఉంటాయి. ఆ ఇంటి ముందు ఆడుకునే పిల్లలు అరవరు. టీవీ సౌండు పెరగదు. లోపల నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పడుకున్నాడని అర్థం. ఎవరూ బోర్డు పెట్టరు, అయినా అందరికీ తెలుసు. రెండో రోజుకల్లా అతిథి కూడా మెట్ల మీద చప్పుడు చేయకుండా నడవడం నేర్చుకుంటాడు.

మధ్యాహ్నం వేళ ఓపెన్‌కాస్టు గనుల్లో బ్లాస్టింగ్ జరిగితే దగ్గర్లోని ఇళ్లు సన్నగా అదురుతాయి. చాయ్ గ్లాసు గలగలమంటే కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు. ఇంట్లోవాళ్లు మాత్రం మాట ఆపకుండా గ్లాసు మీద చేయి పెడతారంతే. గోడల్లో బీటలు చూపించి ‘ఇది పోయినేడుది, ఇది మొన్నటిది’ అని చెప్పేటప్పుడు మాత్రం ఆ గొంతులో నవ్వుండదు.

సాయంత్రం ఏటి ఒడ్డున...

షిఫ్టు దిగాక మొదలవుతుంది అసలు షికారు. బండి మీద గోదావరి వంతెన దాకా వెళ్లి, రెయిలింగుకు ఆనుకుని నిలబడితే చాలు. 2019లో సుందిళ్ల బ్యారేజీ వచ్చాక కొన్నేళ్లపాటు ఇక్కడ నది వేసవిలోనూ నిండుగా కనిపించింది. 2023 అక్టోబరులో దిగువన మేడిగడ్డ బ్యారేజీ కుంగాక నీళ్లు వదిలేశారు, ఆ తర్వాత ఇసుక తిన్నెలు తేలాయి. రెండేళ్లకోసారి సమ్మక్క - సారలమ్మ జాతరకు ఈ ఒడ్డంతా జనమే. మేడారం వెళ్లలేనివాళ్లకు ఇదే మేడారం.

మర్నాడు రామగుండం గుట్ట. రాముడు నడయాడిన చోటని స్థానికుల నమ్మకం. బండల మీది నీటి గుండాల వల్లే ఊరికి రామగుండం పేరు వచ్చిందంటారు. ఆ పక్కనే ఈ కాలపు వింత... ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ల మీద తేలుతున్న వంద మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం. 2022లో పూర్తయింది. ఒక పక్క 2,600 మెగావాట్ల పాత బొగ్గు కేంద్రం, దాని ఎదుటే నీళ్ల మీద అద్దాల చాప! బొగ్గు ఊళ్లో సూర్యుడు కూడా డ్యూటీకి దిగాడని స్నేహితుడు జోకేస్తాడు. గనుల నుంచి ఇక్కడికి బొగ్గు మోసే రైళ్లు కూడా చూడాల్సిందే. ఇంజిన్ ఇటు నుంచి అటు మార్చే పనిలేదు. గుండ్రంగా తిరుగుతూనే అడుగు తలుపుల్లోంచి బొగ్గు దించేసి వెళ్లిపోతాయి. తమిళనాడు, కర్ణాటక, కేరళల్లోని ఇళ్లకూ ఇక్కడి కరెంటు వెళ్తుంది.

ఓపిక ఉంటే మంథని గుళ్లు, రామగిరి ఖిల్లా దగ్గర్లోనే ఉన్నాయి. గని లోపల ఎలా ఉంటుందో చూడాలనే కోరిక అందరికీ ఉంటుంది కానీ, దోస్తు తీసుకెళ్లలేడు. అనుమతి లేనిదే ఎవరినీ దించరు. ఆ సరదా తీర్చడానికే 2022 డిసెంబరులో ఆర్టీసీ ‘సింగరేణి దర్శన్’ పేరుతో బస్సు యాత్ర మొదలుపెట్టింది.

ఆ ఆదివారం ఖరీదు

వారంలో అతిథికి బాగా గుర్తుండిపోయేది ఆదివారం. మటన్ కూర, మక్క గారెలు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం చౌరస్తాలో చాయ్. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ ఆదివారానికి ఓ లెక్కుంది. గనికి సెలవైనా ఆ రోజు కొందరికి డ్యూటీ వేస్తారు. దాన్ని ‘ప్లేడే’ అంటారు. పేరులోనే ఆట, చేసేది పనే. ఆ రోజు మస్టర్ పడితే జీతం రెట్టింపు. అందుకే దానికోసం పోటీ ఉంటుంది. స్నేహితుడు వచ్చాడని ప్లేడే వదులుకున్నవాడు ఆ సంగతి చెప్పడు. అతిథి వెళ్లిపోయేలోగా ఏ వదినె నోటి నుంచో జారాల్సిందే.

ఇంకోటి కూడా ఎవరూ చెప్పరు. నైట్ షిఫ్టుకు వెళ్లిన మనిషి బండి చప్పుడు వినిపించేదాకా ఇంట్లో ఆడవాళ్లకు పూర్తిగా నిద్రపట్టదు. 2003 జూన్ 16న ఇక్కడి ఏడో నంబరు ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ పేర్లు ఈ ఊరికి ఇంకా గుర్తే. గేటు దాటేముందు ‘పోయొస్తా’ అన్న మాటను ఇక్కడ ఊరికే అనరు.

వాయిదా వేయొద్దు

గడియారం ముళ్లు ఎలా తిరిగినా షిఫ్టులు ఆగవు కానీ, మనుషులు తగ్గుతున్నారు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేసేవాళ్లు. ఇప్పుడు సుమారు నలభై వేలమందే. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతుంటే వాటి చోట యంత్రాలతో తవ్వే ఓపెన్‌కాస్టులు పెరిగాయి. అతిథి పడుకున్న గది కూడా దోస్తుది కాదు, కంపెనీది. జామచెట్టు నాటి, తులసికోట కట్టి, పిల్లల ఎత్తు గోడ మీద గీతలు గీసి పాతికేళ్లు ఉన్నా, రిటైరయ్యాక తాళంచెవి అప్పజెప్పాల్సిందే. ఆ తర్వాత ఎవరు కరీంనగర్ వెళ్తారో, ఎవరు హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి చేరతారో చెప్పలేం. అక్కడా కలవొచ్చు. కానీ షిఫ్టు దిగొచ్చిన దోస్తుతో అరుగు మీద కూర్చుని తాగే చాయ్ ఆ క్వార్టర్ ఉన్నన్నాళ్లే.

వెళ్లాలనుకుంటే చలికాలం మేలు. ఎండాకాలంలో రామగుండం రాష్ట్రంలోనే బాగా కాగే ఊళ్లలో ఒకటి. ఏ నెలలో వెళ్లినా బస్టాండు దాకా వచ్చి సాగనంపే దోస్తు మాత్రం చివర్లో ఒకే మాట చెబుతాడు...

‘‘మళ్లీ రారా భయ్. ఈసారి వచ్చేముందు నాది ఏ షిఫ్టో అడిగి రా!’’