పీలీ బత్తీ

షాబాన్ నెల మొదటి వారం. పొద్దున్నే బేటీని కాలేజీ దగ్గర దింపుదామని తాళంచెవి తిప్పాను. మా వ్యాగన్‌ఆర్ డ్యాష్‌బోర్డు మీద బత్తీలన్నీ ఒక్కసారి వెలిగాయి. అది మామూలే. ఇంజన్ స్టార్ట్ కాగానే అన్నీ ఆరిపోతాయి. ఆ రోజు ఒక్కటి ఆరలేదు. ఇంజన్ బొమ్మ ఉన్న పీలీ బత్తీ.

"అబ్బా, అదేంది?" అంది బేటీ.

"ఏం లేదు బేటా, పాత గాడీ కదా" అన్నాను.

ఏం లేదు అని ఎందుకన్నానో చెప్పాలంటే ఆ రోజు నా హిసాబ్ చెప్పాలి. జేబులో, బ్యాంకులో కలిపి ఆరు వేల రెండొందలు. నెల ముగియడానికి ఇంకా చాలా రోజులు. బేటీ కాలేజీ ఫీజు ఒక కిస్తు బాకీ. ముందు రంజాన్ నెల. ఇంట్లోకి రాషన్, ఖజూర్లు, పిల్లలకు ఈద్ బట్టలు. 2020లో పత్రిక వాళ్లు డెస్కులో మనుషుల్ని తగ్గించినప్పుడు నేనూ బయటికొచ్చాను. పీఎఫ్ పైసల్లోంచి లక్షా తొంభై ఐదు వేలు పెట్టి ఈ 2012 మోడల్ గాడీ కొన్నాను. సూద్ మీద కర్జా తీసుకోకూడదని అబ్బా నేర్పిన ఉసూల్ ఒకటుంది, అందుకే నగదు. అప్పట్నుంచి ఉర్దూ నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఉర్దూలోకి తర్జుమాలు చేసి బతుకుతున్నాను. ఒక నెల పైసలొస్తే రెండు నెలలు ఇంతెజార్.

ఇలాంటి ఇంట్లో ఒక కొత్త బత్తీ వెలిగితే దాన్ని చదవాలనిపించదు. ఆర్పాలనిపిస్తుంది.

ఆర్పడం సులువే. బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీసి, ఒక పావుగంట ఆగి మళ్లీ బిగిస్తే చాలా గాడీల్లో కంప్యూటర్ యాద్ చెరిగిపోయి బత్తీ ఆరిపోతుంది. ఒక దోస్త్ చెప్పాడు. చేశాను. ఆరింది. నాలుగు రోజులు షుకర్ అనుకున్నాను. అయిదో రోజు మళ్లీ వచ్చింది. మళ్లీ ఊడదీశాను. ఈసారి రెండు రోజులే. మూడోసారి వచ్చినప్పుడు స్టీరింగ్ పట్టుకుంటే నా చెయ్యి దాని మీదికొచ్చేలా కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

ఇరవై ఏళ్లు ఖబర్లు రాసినవాణ్ణి. నచ్చని ఖబర్‌ని పేజీలోంచి తీసేస్తే ఊళ్లోంచి పోదని నాకు తెలియక కాదు.

నేను ఉర్దూ మీడియంలో చదివాను. డిగ్రీ తెలుగులో. అందుకే ఏ మాటైనా రెండు జబాన్లలో తూకం వేసుకోవడం ఆదత్. తెలుగులో 'హెచ్చరిక' అని ఒక్క మాట వాడతాం. ఉర్దూలో మూడు మెట్లున్నాయి. ఇత్తెలా అంటే ఊరికే తెలియజేయడం. తంబీహ్ అంటే చెవి మెలేసి చెప్పడం. ఖత్రా అంటే ఇక చెప్పడం అయిపోయింది, ముప్పు ఎదురుగా ఉంది. ఆ తర్వాత తెలిసింది, గాడీ డ్యాష్‌బోర్డు కూడా ఇదే తర్తీబ్‌లో ఉంటుందని. ఆకుపచ్చ, నీలం బత్తీలు ఇత్తెలా: ఇండికేటర్ పడింది, హైబీమ్ వెలిగింది అని. పీలీ బత్తీ తంబీహ్. ఎర్ర బత్తీ ఖత్రా. ఎర్రవాటిలో ఒకటి అచ్చం అల్లాదీన్ చిరాగ్‌లా ఉంటుంది. ఇంజన్ ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని దాని అర్థం. అది వెలిగితే జిన్ రాడు, ఇంజన్ పోతుంది. అక్కడికక్కడే పక్కకు ఆపాలి. టెంపరేచర్ ఎర్ర బత్తీ కూడా అంతే.

తకలీఫ్ అంతా తంబీహ్‌తోనే. గాడీ నడుస్తూనే ఉంటుంది. పికప్ కొంచెం తగ్గినట్టుంటుంది, మనసు ఒప్పుకోదు. పెట్రోల్ కొంచెం ఎక్కువ తాగుతున్నట్టుంటుంది, ట్రాఫిక్ మీదికి నెట్టేస్తాం. రోజూ ఉదయం ఒకటే సవాల్: ఇవాళ్నా, ఒకటో తారీఖు తర్వాతా?

నేను ఒకటో తారీఖు తర్వాత అనుకున్నాను. కానీ అమ్మీని దవాఖానాకు తీసుకెళ్లాల్సిన రోజు ఒకటో తారీఖు కంటే ముందే వచ్చింది.

అమ్మీ నల్లగొండలో తమ్ముడి దగ్గర ఉంటుంది. పదహారేళ్ల నుంచి షుగర్. డెబ్బై దాటినా రోజాలు మాత్రం వదలదు. ఈసారి డాక్టర్‌ని అడిగాకే రోజాలని నేను జిద్దు చేశాను. ఒప్పుకుంది. హైదరాబాద్‌లో ఎప్పుడూ చూపించే డాక్టర్ దగ్గర మధ్యాహ్నం పన్నెండుకు టైమ్ తీసుకున్నాను. మోకాళ్ల నొప్పులతో బస్సు మెట్లెక్కలేదు కాబట్టి గాడీ తప్పదు. ముందు రోజు రాత్రే నల్లగొండ వెళ్లి, పొద్దున ఫజర్ అయ్యాక నింపాదిగా తయారై ఎనిమిదిన్నరకు బయల్దేరాం.

నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కాం. చిట్యాల దాటాం. చౌటుప్పల్ ఇంకా కొంచెం దూరం ఉందనగా పీలీ బత్తీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. స్థిరంగా వెలగడం కాదు, టప్ టప్ మని ఆరుతూ వెలుగుతూ. గాడీ మొత్తం జ్వరమొచ్చినట్టు వణికింది. యాక్సిలరేటర్ తొక్కితే దమ్ము లేదు. వెనక లారీ హారన్. అమ్మీ చేతిలో తస్బీహ్ ఆగిపోయింది.

నెమ్మదిగా పక్కకు తీసి ఆపాను. మా గల్లీ మిస్త్రీకి ఫోన్ చేశాను.

"పీలీ బత్తీ కొట్టుకుంటుందా, ఊకెనే జలుస్తుందా?" అని అడిగాడు.

"కొట్టుకుంటుంది ఉస్తాద్."

"ఎన్ని రోజులాయె జలవట్టి?"

"పందొమ్మిది రోజులు."

అటు వైపు కాసేపు మాట లేదు. "జర్నలిస్టువి కదా భాయ్" అన్నాడు చివరికి. "ఇంక గాడీ నడపకు. నెమ్మదిగ దగ్గర్ల ఉన్న మిస్త్రీ దుకాన్ దాకా పో, అంతే."

చౌటుప్పల్‌లో సర్వీస్ రోడ్డు మీద వేపచెట్టు కింద ఒక చిన్న షెడ్డు దొరికింది. ఆ మిస్త్రీ పాతికేళ్ల పిల్లగాడు. స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌లో గుప్పెడంత స్కానర్ గుచ్చి, ఫోన్‌లో చూసి, "పీ జీరో త్రీ జీరో టూ" అన్నాడు. పీ అంటే ఇంజన్, గేర్ల ఖాతా. మూడు అంటే ఇగ్నిషన్ తరఫు గడబిడ. చివర్లో రెండు అంటే రెండో సిలిండర్. మా గాడీకి ఉన్నవే మూడు సిలిండర్లు. వాటిలో ఒకటి సరిగ్గా మండటం లేదు.

తర్వాత అతను చేసిన పని నాకు చాలా నచ్చింది. ఏ సామానూ కొనమనలేదు. ఈ ఇంజన్‌లో ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ కూర్చుని ఉంటుంది. రెండో దాని మీది కాయిల్ తీసి ఒకటో దాని మీద పెట్టాడు, ఒకటో దాన్ని రెండో దాని మీద. స్టార్ట్ చేసి మళ్లీ స్కాన్ చేశాడు. ఈసారి కోడ్ చివర్లో ఒకటి వచ్చింది. "చూసిండ్రా సార్, కాయిల్‌తోని బీమారీ కూడ పోయింది. అంటే కాయిలే ఖరాబ్. అక్కడ్నే ఉండిపోతే ప్లగ్గో, ఇంజెక్టరో అనుకోవాలె." పైసా ఖర్చు లేని తహకీకాత్. ఇంత సాఫుగా విచారణ జరిపిన ఖబర్లు నేను ఎన్ని రాశానా అనుకున్నాను.

కాయిల్ పదహారు వందల యాభై. ప్లగ్గులు మూడూ అరిగాయి, నాలుగొందల యాభై. మజ్దూరీ మూడొందలు. మొత్తం రెండు వేల నాలుగొందలు. సామాను తేవడానికి ఒక పిల్లగాణ్ణి బండి మీద పంపాడు.

"ఇన్ని రోజులు నడిపిండ్రు, సైలెన్సర్ దగ్గర ఇంకోటి ఉంటది సార్, క్యాటలిటిక్ కన్వర్టర్. ఇక్కడ కాలని పెట్రోల్ అక్కడికి పోయి కాలుతది. ఎక్కువ వేడైతే లోపల కరిగిపోతది. బత్తీ కొట్టుకునేది అందుకే. అది పోతే మాత్రం పెద్ద ఖర్చు."

అసలీ బత్తీ పుట్టిందే పొగ కోసం. అమెరికాలో 1996 నుంచి అన్ని కార్లకీ ఈ కంప్యూటర్ నిఘా తప్పనిసరి చేశారు. మన దగ్గర 2010లో బీఎస్-4తో పాటు వచ్చింది. మొదట వచ్చిన పదమూడు షహర్లలో హైదరాబాద్ ఒకటి. అప్పట్లో నేను డెస్కులోనే ఉన్నాను. బీఎస్-4 మీద వార్తలు దిద్దిన చెయ్యే ఇది.

అమ్మీని పక్కన చాయ్ హోటల్ బల్ల మీద కూర్చోబెట్టాను. డాక్టర్‌కి ఫోన్ చేస్తే రేపు రమ్మన్నారు. అమ్మీ పర్సులోంచి గోలీల పొట్లం తీసింది. బిస్కెట్ తిని గోలీ వేసుకోబోతుంటే చూశాను. సగం గోలీ. కత్తితో కోసింది, అంచు పొడి పొడిగా ఉంది.

"అమ్మీ, ఆధీ గోలీ కైకు?"

"బస్ హై బేటా."

"డాక్టర్ చెప్పాడా?"

మాట్లాడలేదు. పొట్లం మడత పెట్టింది. మళ్లీ అడిగాను. తమ్ముడి దుకాణం రెండు నెలలుగా నడవడం లేదు. ఒకటో తారీఖు దాకా సరిపోవాలని గోలీలు సగం చేసుకుంటోంది. తమ్ముడికి తెలియదు. నాకు చెబితే నేను పంపుతానని, నా దగ్గర లేవని తనకు తెలుసని చెప్పలేదు.

నాకు కోపమొచ్చింది. "కనీసం ఒక్కమాట చెప్పొచ్చు కదా అమ్మీ" అన్నాను కొంచెం గట్టిగానే. అమ్మీ షెడ్డు వైపు, బానెట్ తెరిచి ఉన్న మా గాడీ వైపు చూసింది.

"తూ బోలా క్యా? గాడీకు తో బత్తీ హై బేటా. మేరేకు కాఁ హై?"

నా దగ్గర జవాబు లేదు. ఇద్దరమూ ఒకే హిసాబ్ వేసుకున్నాం. ఇద్దరమూ ఒకటో తారీఖు కోసమే ఆగాం. నేను బ్యాటరీ వైరు ఊడదీశాను, తను గోలీ సగం చేసింది. ఈ సబర్‌కి సవాబ్ ఉందో లేదో నాకు తెలియదు. నష్టం మాత్రం ఉంది.

మర్నాడు డాక్టర్ రిపోర్టు చూశారు. పరగడుపు షుగర్ మరీ ఎక్కువేం లేదు. ముందు రోజు రాత్రి అమ్మీ సరిగ్గా తినలేదు. కానీ దాదాపు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటుంది, హెచ్‌బీఏ1సీ. దాన్ని ఒక్క రోజు పస్తుతో మార్చలేం. పదిన్నర వచ్చింది. డాక్టర్ మందులు మార్చి, ఈసారి రోజాలు వద్దన్నారు. అమ్మీ అక్కడ ఏమీ అనలేదు. గాడీలో కూర్చున్నాక దుపట్టా మొహానికి అడ్డం పెట్టుకుంది. ఊహ తెలిసినప్పట్నుంచి వదలని రోజాలు. రోజుకొక గరీబుకి అన్నం పెట్టే ఫిదియా ఉందని నేను చెప్పబోయాను. "మాలూమ్ హై" అంది.

తమ్ముడూ నేనూ కూర్చుని ఒక ఫైసలా చేశాం. సర్కారీ దవాఖానాలో షుగర్ గోలీలు ముఫ్త్‌గా ఇస్తారు. లైన్లో నిలబడే ఓపిక అమ్మీకి లేదు, తమ్ముడు నిలబడతాడు. అక్కడ దొరకనివి జన ఔషధి దుకాణంలో. అమ్మీ ఖర్చు మొదటి ఖర్చు, గాడీ ఖర్చు రెండోది, ఈద్ బట్టలు ఆ తర్వాత. పిల్లలు పోయినేడు బట్టలే ఇస్త్రీ చేసుకుని నమాజ్‌కి వచ్చారు.

గాడీ సంగతి మీకు చెప్పాల్సింది ఇంకొంచెం ఉంది. జేబు ఖాళీగా ఉన్నవాళ్లకు బత్తీ వెలగగానే మిస్త్రీ దగ్గరికి పరిగెత్తమని నేను చెప్పను. నేనే పరిగెత్తలేను. కానీ ఖర్చులు రెండున్నాయని నాకు తెలియలేదు. చదివించడం ఒక ఖర్చు, చేయించడం ఇంకో ఖర్చు. మా గల్లీ మిస్త్రీ స్కాన్ చేయడానికి మూడొందలు తీసుకుంటాడు. ఆ మూడొందలు మొదటి వారమే పెట్టి ఉంటే, ఏది ఆగుతుందో ఏది ఆగదో తెలిసేది. కాయిల్‌కి పైసలు జమ చేసుకునే వ్యవధి దొరికేది. నేను మూడొందలు మిగుల్చుకుని, అదే కాయిల్‌ని అదే ధరకి హైవే మీద కొన్నాను, అమ్మీని బల్ల మీద కూర్చోబెట్టి.

ఎర్రదైతే ఆపేయాలి. పీలీది కొట్టుకుంటే ఆపేయాలి. స్థిరంగా ఉండి గాడీ మామూలుగా నడుస్తుంటే, ఆ వారంలోనే చదివించి, కోడ్ కాగితం మీద రాయించుకుని, అప్పుడు తారీఖు పెట్టుకోవాలి. సెకండ్ హ్యాండ్ గాడీ కొనేవాళ్లకు ఇంకో మాట: తాళం తిప్పగానే ఈ పీలీ బత్తీ ఒకసారి వెలగాలి. అసలే వెలగలేదంటే గాడీ మంచిదని కాదు. ఎవరో దాని నోరు నొక్కేశారని అనుమానించాలి.

ఈద్ అయిన రెండు వారాలకు మా బత్తీ మళ్లీ వచ్చింది. అదే రోజు చదివించాను. పీ జీరో ఫోర్ టూ జీరో. కన్వర్టర్ దాని పని సరిగ్గా చేయడం లేదు. ఆ పందొమ్మిది రోజుల నిషానీయే కావచ్చు అన్నాడు మిస్త్రీ. గాడీ నడుస్తుంది, పొగలో విషం మాత్రం కొంచెం ఎక్కువ పోతుంది. ఇప్పుడంత ఖర్చు పెట్టలేను. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు లోపల చేయించాలని తారీఖు రాసి, నెలకింత అని ఒక డబ్బాలో వేస్తున్నాను. ఆగుతున్నాను, కానీ ఈసారి తెలిసి ఆగుతున్నాను.

ఉర్దూలో ఖబర్దార్ అంటే ఖబర్ ఉన్నవాడు, ఎరిగినవాడు అని. తెలుగులోకి వచ్చేసరికి ఖబడ్దార్ అని బెదిరింపు అయింది. బెదిరింపులా వినబట్టే కాబోలు, మొదటిసారి ఆ బత్తీకి మొహం తిప్పుకున్నాను.

ఇప్పుడు రోజూ పొద్దున తాళం తిప్పి, బత్తీలు చూసుకుని, గాడీ కదిలించే ముందు నల్లగొండకు ఫోన్ చేస్తాను.

"అమ్మీ, గోలీ లియే?"

"హౌ బేటా, లియే."

"పూరీ?"

"పూరీచ్."

నమ్మి పెట్టేస్తాను. సాయంత్రం తమ్ముణ్ణి అడిగి పొట్లం లెక్కపెట్టిస్తాను.