గుమాస్తా చదివిన కాగితం

కిందటి దసరా సెలవుల్లో ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. జబ్బేమిటని అడిగిన వారికల్లా మా ఆవిడ "గ్యాస్ట్రిక్ ట్రబులండీ" అని చెప్పింది. అసలు సంగతి వేరు. మూడు నెలలుగా నిద్ర లేదు. క్లాసులో పద్యం మధ్యలో ఆగిపోయి, ఎందుకు ఆగానో తెలియక పిల్లల ముఖాలు చూస్తూ నిలబడేవాణ్ణి. దాన్ని డిప్రెషన్ అంటారని డాక్టరుగారు గది తలుపు వేసి మరీ చెప్పారు.

ఇటువంటి జబ్బులకూ ఒంటి జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. వైద్యం చేసేవారు రోగి సంగతులు గుట్టుగా ఉంచాలనీ చెబుతోంది. మా కాలేజీలో అందరికీ కలిపి ఒక బీమా ఉంది. ముందు బిల్లు నేనే కట్టి, తరువాత క్లెయిము ఫారము నింపాను. నా వైద్య వివరాలు ఆసుపత్రి నుంచి తెప్పించుకునేందుకు కంపెనీకీ, దాని తరఫున బిల్లులు చూసే టి.పి.ఏ. వారికీ అనుమతిస్తున్నానని సన్నటి అక్షరాల్లో ఉన్న చోట, చదవకుండానే సంతకం పెట్టాను. ఎన్నో పద్యాలకు ప్రతిపదార్థం చెప్పినవాణ్ణి, ఆ ఒక్క వాక్యానికి చెప్పుకోలేకపోయాను! చదివినా చేసేదేముంది? సంతకం లేనిదే డబ్బు రాదు.

అయితే ఆ అనుమతి కంపెనీకి ఇచ్చానుగాని కాలేజీకి ఇవ్వలేదే! కాగితాలు ఆఫీసు ద్వారా వెళ్ళడం మా దగ్గర ఆనవాయితీ. డిశ్చార్జి సమ్మరీని కవరులో పెట్టాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. గుమాస్తా చెడ్డవాడు కాడు; పాపం, పేజీలన్నీ ఉన్నాయో లేదో చూడబోయి చదివాడు. గుట్టు కాపాడమని చట్టం చెప్పింది వైద్యులకు. అతడు వైద్యుడు కాడు గదా!

మర్నాడు నేను స్టాఫ్ రూములో అడుగు పెట్టగానే మాటలు ఆగాయి. ప్యూను ఎంతో ప్రేమగా, "నిద్ర పడుతోందాండీ, మాస్టారూ?" అన్నాడు. ప్రిన్సిపాల్‌గారు పిలిచి, "మీకు విశ్రాంతి కావాలి. బి.ఏ. చివరి సంవత్సరం క్లాసులు మరొకరికి ఇచ్చాను" అన్నారు. కోపంతో అంటే వాదించవచ్చు. దయతో అన్నదానికి ఏమని వాదిస్తాం? ఆ క్లాసులు మళ్ళీ నాకు రాలేదు.

డబ్బు మాత్రం వచ్చింది, చేతి తొడుగుల ఖర్చు మినహాయించి.

మొన్న లెక్కలు చెప్పే ఆవిడ నా దగ్గరకు వచ్చి, "క్లెయిము కాగితాలు ఎవరికివ్వాలండీ?" అని గొంతు తగ్గించి అడిగారు. ఈలోగా నేను ఫోను చేసి కనుక్కున్నాను: నేరుగా టి.పి.ఏ. వారికే పోస్టులో పంపవచ్చట. అడ్రసు రాసిచ్చాను. ఏమి జబ్బని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కవరు అంటించడానికి నా బల్ల సొరుగులోంచి జిగురు సీసా తీసి ఇచ్చాను.